చిన్నతల్లి అప్ప పట్టిన పాకం

మా వైపు ఆడపిల్లని అత్తవారింటికి పంపేటప్పుడు సారె పెట్టాలి. సారె అంటే పప్పుండలు, జీళ్ళు, నువ్వుండలు. వీటన్నిటికీ పాకం కుదరాలి. కోటబొమ్మాళి చుట్టుపక్కల పాకం కుదరాలంటే మా అప్ప, అంటే అక్క, చిన్నతల్లి రావాలి. ముందు అప్పకి ఎప్పుడు వీలవుతుందో కనుక్కుని, ఆ తరవాతే పంతులుగారి దగ్గరికి వెళ్ళేవారని మా నాన్న నవ్వేవాడు. అది కాస్త ఎక్కువ చేసి చెప్పడమే కాని, పూర్తిగా అబద్ధం కాదు.

బెల్లం మరుగుతుంటే అప్ప పొయ్యి వైపు చూసేది కాదు. పక్కవాళ్ళతో ఊరి కబుర్లు చెబుతూ తెడ్డు తిప్పేది. ఏదో ఒక క్షణంలో మాట ఆపి, నీళ్ళు పోసిన పళ్ళెంలో ఒక్క చుక్క వదిలి, వేళ్ళతో దగ్గరకి తీసి ఉండ చేసి, పళ్ళెం అంచుకేసి కొట్టేది. టంగుమనాలి. ఆ చప్పుడు వినగానే చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు బిగించి లేచేవారు. తేడా వచ్చిందని ఎవరూ అనగా నేను వినలేదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి గురించే రాయాలని ఉంది.

మొన్న ఎండాకాలంలో అప్ప నిద్రలోనే పోయింది. గుండె అన్నారు. బావ జగన్నాధం ఇంకా ఉన్నాడు. ముందు బావే పోతాడని అందరం అనుకున్నాం, అప్పతో సహా. వారానికి మూడుసార్లు టెక్కలి వెళ్ళి డయాలసిస్ చేయించుకునే మనిషి ఆయన. మా జిల్లాలో కిడ్నీ జబ్బంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఏ ఊరు, ఏ వీధి అని మాత్రం అడుగుతారు.

బావ పటాలంలో హవల్దారుగా చేసి వచ్చాడు. అన్నం ముందు కూర్చుంటే వంచిన తల ఎత్తకుండా తినేవాడు. అలాంటి మనిషి, నేను చెప్పబోయే ఏడు దసరా దాటాక తిండి మానేశాడు. ఉప్పు వెయ్యకూడదన్నారు. ఉప్పు లేని అన్నాన్ని నాలుగు మెతుకులు కెలికి కంచం తోసేసేవాడు.

"మట్టి తిన్నట్టున్నాదే. ఒగ్గేయ్" అనేవాడు.

మోచేతి దాకా జారిపోతోందని చేతి గడియారం తీసి గూట్లో పెట్టేశాడు. డయాలసిస్ దగ్గర సుహాసిని అని ఒక నర్సు ఉండేది. పలాస వైపు పిల్ల, నోరున్న పిల్ల. ఒకరోజు బావకి మిషను తగిలించి అప్పని బయటికి పిలిచింది. నేను పక్కనే ఉన్నాను.

"అమ్మా, ఈ మిషను రక్తం కడుగుతాది గానీ బలం ఇవ్వదు. ఉన్న బలం కూడా కొంత లాగేస్తాది. మాంసం తినాల, గుడ్డు తినాల. తాత ఇలగే ఉంటే ఇంక ఎక్కువ దినాలు తట్టుకోలేడు. నీకు సెప్పకపోతే ఎవలికి సెప్తాను?"

ఆ రోజు నుంచి అప్ప నాటుకోడి, చేపలు, రొయ్యలు, గుడ్డట్టు, తనకి తెలిసినవన్నీ వండింది. బావ ఏదీ ముట్టలేదు. తినమని బతిమాలితే మొహం గోడవైపు తిప్పుకునేవాడు. వండిందంతా నాకూ వీధి పిల్లలకీ పెట్టేది. మేం లావెక్కుతున్నాం, బావ చిక్కిపోతున్నాడు.

డిసెంబరులో టెక్కలి నుంచి ఆటోలో తిరిగి వస్తుంటే ఒకచోట బండి మీద అనాసపళ్ళు కనిపించాయి. సీతంపేట కొండల మీద పండేవి. సీజను కాదు, చిన్న చిన్న కాయలు. ఆటో బండిని దాటిపోయాక కూడా బావ మెడ తిప్పి చూశాడు. ఎన్నాళ్ళకో ఆయన ఒక తిండి వస్తువుని అలా చూడటం.

"ఏటి సూస్తన్నావు మావా?" అంది అప్ప.

"ఏటీ నేదు. అనాస."

"తింటావేటి?"

"ఉట్టి పండు కాదే. మాకు షిల్లాంగులో పంది మీద ఏసేవోలు."

బావ ఆగకుండా చెప్పుకుపోయాడు. క్రిస్మస్ రోజున పటాలంలో బడాఖానా అని పెద్ద విందు ఉండేదట. ఆఫీసర్లూ జవాన్లూ ఒకే వరసలో కూర్చునేవారట. పంది తొడని నిప్పుల మీద కాలుస్తూ అనాసరసం, బెల్లం కలిపిన పాకాన్ని మీద పూసి, మళ్ళీ కాల్చి, మళ్ళీ పూసేవారట.

"ఎర్రగా, అద్దంలాగ మెరిసిపోయేదిరా తమ్ముడా. పులుపూ తీపీ కారం కలిసిపోయి, ఉప్పు తగ్గినా తెలిసీదే కాదు."

ఆ ఆఖరి మాటకి అప్ప ఆయన వైపు తిరిగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వీధిలో ఎవరింట్లోనూ పంది మాంసం వండరు. తినేవాళ్ళు లేరని కాదు. మగవాళ్ళు ఏ తోటలోనో వండుకుని తిని, మోటారు కింద తలస్నానం చేసి, ఏమీ ఎరగనట్టు ఇళ్ళకి వస్తారు. ఇళ్ళల్లో ఆడవాళ్ళూ ఏమీ ఎరగనట్టే ఉంటారు. అప్ప మాత్రం అలా ఊరుకునేది కాదు. పెళ్ళైన కొత్తలో బావ సెలవు మీద వచ్చి, అక్కడ మేం ఇవీ అవీ తింటాం అని గొప్పగా చెప్పబోతే, ఆ మాట పూర్తికాకుండానే ఆయన్ని నూతి దగ్గరికి నడిపించి పసుపునీళ్ళు తలమీద పోసి, ఆ తరవాత గుమ్మం దాటనిచ్చింది. అప్పటినుంచి ప్రతి సెలవుకీ రైలు దిగిన మనిషి ముందు నూతి దగ్గరికే వెళ్ళేవాడు. "బోర్డరు దాటడం సులువు, మా యింటి గుమ్మం దాటడం కష్టం" అని స్నేహితులకి చెప్పేవాడు. అప్పకి అందులో ఎవరి మీదా చిన్నచూపు లేదు. ఇంట్లో లక్ష్మి ఉందని నమ్మేది. మార్గశిరంలో నాలుగు లక్ష్మివారాలూ తడిబట్టతో పూజ చేసేది. అంతే.

ఆ అప్ప మర్నాడు పొద్దున్నే నాకు ఫోను చేసింది.

"తమ్మీ, సీమ పందులు పెంచినోడు రాముడున్నాడు కదేటి. ఆడికి తొడ కూర సెప్పు. క్రిస్మస్ నాటికి."

"అప్పా, నువ్వేనా మాట్లాడతన్నది?"

"నానే. నా సేత్తో పట్టిన పాకం ఊరందరికీ పనికొచ్చి మీ బావకి పనికిరాదేటి?"

షరతులు కూడా చెప్పింది. ఇంట్లో కాదు, మామిడితోటలో మోటారు షెడ్డు దగ్గర. కొత్త మట్టి దాకలో, పనయ్యాక దాన్ని పగలగొట్టెయ్యాలి. మాంసం నేనే కడిగి, నేనే ఉడికించాలి. తను వేరే పొయ్యి మీద పాకం పట్టి ఇస్తుంది. తిన్నాక బావ తోటలోనే తలస్నానం చేసి ఇంటికి రావాలి.

"మెడ దగ్గర డయాలసిస్ గొట్టం ఉంది కదప్పా. అది తడవకూడదన్నారు."

"అప్పుడు సూద్దాం. ముందు తిననీ" అంది.

ఆ ఏడు క్రిస్మస్ బుధవారం వచ్చింది. మర్నాడు మార్గశిర లక్ష్మివారం. బుధవారం సాయంత్రం ఇల్లు కడిగి, గడపకి పసుపు రాసి, బియ్యప్పిండి ముగ్గులు పెట్టుకోవడం మా వైపు ఆనవాయితీ. అప్ప ఆ పనంతా పొద్దున్నే చేసేసింది. నేను ఆటో తీసుకుని వెళ్ళేసరికి ఎదురింటి లక్ష్మణమ్మ అరుగు మీద నిలబడి అడుగుతోంది.

"ఏటే అప్పా, అమ్మోరి ముగ్గు మాపుకి కదేటి? పొద్దున్నే ఎట్టేసినావు?"

"మాపుకి తోటలో పనున్నాది."

"వరి కుప్పలేసీసినారు. తోటలో ఏటి పనే?"

"మీ బావకి గాలి తగలాలన్నారు."

"గాలికి కొత్త దాకెందుకే?"

"దాకలో కూసింత గాలి ఒట్టుకొస్తాను. నీకూ ఎట్టమంటావేటి?"

లక్ష్మణమ్మ మూతి తిప్పుకుని లోపలికి పోయింది. బావ ఆటోలో కూర్చుని మొహం పక్కకి తిప్పుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని నాకు భుజాలు చూస్తే తెలిసింది.

తోటలో మామిడిచెట్టు కింద ఆయనకి నులకమంచం వేశాం. రాముడు మంచి ముక్క ఇచ్చాడు, కొవ్వు తక్కువ ఉన్నది. అల్లం, వెల్లుల్లి, మిరియాలు నూరి పట్టించి, సన్నసెగ మీద మెత్తగా ఉడికించాను. తరవాత నీరు వంపేసి, దాక మూత మీద కూడా నిప్పులు పోసి కాల్చాను. బావ మంచం మీదనుంచి కవాతు చేయించినట్టు హుకుములు ఇస్తూనే ఉన్నాడు. "మూత తియ్యకు. తియ్యకన్నానా! ఆవిరి పోతాది." అంత గట్టిగా ఆయన గొంతు విని ఎన్నాళ్ళయిందో.

అప్ప మాకు వీపు పెట్టి, కొంచెం దూరంలో తన పొయ్యి దగ్గర కూర్చుంది. అనాసపండు తురిమి, గుడ్డలో పిండి, ఆ రసంలో బెల్లం వేసింది. పండు తక్కువే తినాలని సుహాసిని చెప్పిందని, పాకానికి చాలినంతే తీసి మిగతాది నాకిచ్చేసింది.

"మావా, ఏ పాకం రావాల?"

"నాకేటి తెలుసే. అద్దంలాగ ఉండాల. అంతే."

అప్ప తెడ్డు తిప్పడం మొదలుపెట్టింది. ఉట్టి బెల్లమైతే ఈపాటికి దగ్గరపడేది. పండురసం కదా, మరుగుతోందే కాని చిక్కబడదు. అప్ప మొహంలో చిరాకు. "ఇదేటి తమ్మీ, పాకమేనా? ఎన్నడూ నన్నిలగ తిప్పలెట్టనేదు." పుల్ల ఎగదోసింది. పళ్ళెంలో చుక్క వదిలింది. కరిగిపోయింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ వదిలింది. సాగింది కాని ఉండ కాలేదు. మాటలు మానేసింది. జీవితంలో మొదటిసారేమో, పొయ్యి వైపు చూస్తూ పాకం పట్టింది. ఆఖరికి పళ్ళెం అంచుకేసి కొట్టింది.

టంగు.

అప్ప మొహం విప్పారింది. అలవాటు చొప్పున నేనూ లేచి దాక మూత తీసేశాను. అప్ప మంట మీంచి గిన్నె దించి, ముక్కు మీద కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, ఆ పాకమంతా మాంసం మీద ఒక్కసారిగా కుమ్మరించింది. బుసబుసమని పొంగింది. అనాస, మిరియం, కాలిన బెల్లం కలిసిన వాసన చెట్టుకింద అంతా కమ్ముకుంది. దాకలోంచి తొడని తీసి అరిటాకు మీద పెట్టాను. ఎర్రగా, నున్నగా, సాయంత్రపు ఎండ అందులోంచి లోపలికి పోయి మళ్ళీ బయటికి వస్తున్నట్టు మెరిసింది.

బావ మోచేతి మీద లేచాడు. "ఓలమ్మో! అద్దమే!"

అప్ప కొంగు తీసి, మొదటిసారి ఆ మాంసాన్ని తిన్నగా చూసింది.

నేను కత్తి పెట్టాను. జారిపోయింది. ఇంకోవైపు పెట్టాను. అక్కడా జారిపోయింది. గట్టిగా నొక్కితే తొడ ఆకు మీద పక్కకి జరిగింది కాని చీలలేదు.

"ఏరా, కత్తి మొద్దేటి?" అని బావ అడిగి, నా చేతిలో కత్తి లాక్కుని, దాని పిడితో మాంసం మీద తట్టాడు.

టంగు.

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

"ఒలే చిన్నతల్లీ, పందికి సారె కట్టినావేటే!" అన్నాడు బావ.

"నువ్వే కదేటి అద్దంలాగ ఉండాలన్నావు!"

"మెరవాలన్నానే. రాయెట్టి పగలగొట్టాలన్నానేటి?"

"ఏ పాకమని అడగనేదేటి నాను? తీగపాకమని ఒక్క ముక్క సెప్పొచ్చు కదేటి. ఇన్నేళ్ళు మిలట్రీలో ఉండి, తినడమే గానీ పాకం పేరు నేర్సుకోనేదు నువ్వు!"

ముదురు పాకం. జీళ్ళకి పట్టే పాకం. టంగుమనే దాకా ఆపడం ఆ చేతికి తెలియదు. బావ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ మంచం పట్టె పట్టుకున్నాడు, దగ్గాడు, మళ్ళీ నవ్వాడు. నాకూ ఆగలేదు. కాసేపటికి అప్ప నవ్వడం లేదని గమనించాను. కళ్ళు ఎర్రబడ్డాయి. ఆకు మీద మెరుస్తున్న ఆ రాయిని చూస్తూ నిలబడింది. ఇన్నాళ్ళకి ఒక వస్తువు మీద ఆయనకి మనసు పుడితే, అది నోట్లోకి పోకుండా తన చెయ్యే అడ్డం పడిందని.

నేను షెడ్డులోకి వెళ్ళి మోటారు బోల్టులు విప్పే పానా తెచ్చాను. కుళాయి కింద తోమి కడిగి, తొడ మీద ఒక్కటి వేశాను. అద్దం పగిలింది. ముక్కలు ఎగిరి మంచం మీద, ఎండుటాకుల మీద పడ్డాయి. బావ తన లుంగీ మీద పడిన పెంకు తీసి నోట్లో వేసుకుని కొరికాడు. కటుక్కుమంది. పగులులోంచి ఆవిరి పైకి లేచింది. పాకం గట్టిగా మూసేయడం వల్లనేమో, లోపల మాంసం రసం పోకుండా మెత్తగా, దారాలుగా విడిపోతోంది.

బావ చెయ్యి చాపాడు. ఎవరూ పెట్టకుండానే ముక్క తీసుకున్నాడు. పెంకుతో కలిపి నమిలాడు. అప్ప ఆయన మొహం చూడటం లేదు, చెయ్యి చూస్తోంది. ఆ చెయ్యి మళ్ళీ ఆకు వైపు వెళ్ళింది. మళ్ళీ వెళ్ళింది.

"షిల్లాంగుది ఇలగ నేదు" అన్నాడు నములుతూ.

"బాగోనేదేటి?"

"అది మెత్తగుండేది. దీనికి నా పళ్ళూడిపోతాయే." ఇంకో ముక్క తీసుకున్నాడు. "కూసింత అన్నం ఎట్టు."

అన్నం! తెచ్చాక ఆయన ముట్టకపోతే చూడలేనని అప్ప అన్నం తేలేదు. నేను ఆటోలో ఊళ్ళోకి పోయి మా యింటి నుంచి తెచ్చాను. బావ నాలుగు ముద్దలు తిన్నాడు. అప్ప ఆ మాంసం ముట్టలేదు. రుచి చూడమని బావ వేళాకోళం ఆడితే, "నీ సారె నువ్వే తిను" అంది.

ఎండ వాలి చలిగాలి మొదలైంది. ఇంటికి పోవాలి. బావ మంచం దిగి, తనంతట తనే, చొక్కా విప్పబోయాడు. మెడ దగ్గర ప్లాస్టరు, దాని కింద గొట్టం. "మోటారెయ్యరా" అన్నాడు నాతో. చలికి అప్పుడే వణుకుతున్నాడు.

నేను అప్ప వైపు చూశాను. ఇంటి ముందు ముగ్గులు పెట్టి ఉన్నాయి. తెల్లారితే పూజ.

"చొక్కా తొడుక్కో మావా" అంది అప్ప. "కాళ్ళూ సేతులూ కడుక్కుని, నోరు పుక్కిలించుకో. అంతే."

"మరి తానం?"

"నాను సేస్తాను."

మోటారు వేశాను. గొట్టంలోంచి నీళ్ళు ధారగా తొట్టెలో పడ్డాయి. అప్ప చీర దోపుకుని తొట్టె పక్కన నిలబడి చెంబు ముంచి తలమీద పోసుకుంది. "ఇది నాది" అంది. మళ్ళీ ముంచి పోసుకుంది. "ఇది నీది." ఆ చలిలో పళ్ళు కటకటలాడుతుంటే అలాగే రెండేసి చెంబులు పోసుకుంది, ఒకటి తనకీ ఒకటి ఆయనకీ. బావ గట్టు మీద నిలబడి, "నాది సెవుల ఎనక తడవనేదే, ఇంకో చెంబు ఎయ్యి" అన్నాడు. అప్ప దోసెడు నీళ్ళు ఆయన కాళ్ళ మీదకి విసిరింది.

దాక పగలగొట్టమంటావా అని అడిగాను. ముందు అలాగే చెప్పింది కదా. అప్ప జుట్టు పిండుకుంటూ, "షెడ్డులో బోర్లించు. ఈసారి తీగపాకం పట్టాల" అంది. బావని ఆటో ఎక్కించి, తడిచీరతో పక్కన కూర్చుని, ముగ్గులు తొక్కకుండా గుమ్మం దాటించింది. ఆ రాత్రి నేను వాళ్ళింట్లోనే పడుకున్నాను.

మర్నాడు లక్ష్మివారం డయాలసిస్ కూడా ఉంది. అప్ప చీకటితో లేచి తలస్నానం చేసి, తడిబట్టతో పొయ్యి వెలిగించి అమ్మవారికి పరమాన్నం, పప్పు, అన్నం వండింది. పీట మీద బొమ్మ పెట్టి, పూలు సర్దుతోంది. కథ చదవాలి, నైవేద్యం పెట్టాలి, ఆ తరవాతే ఇంట్లో ఎవరైనా ముద్ద ముట్టాలి. వీధిలో ఆటో హారను మోగింది.

బావ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒలే" అన్నాడు. "ఆకలేస్తన్నాదే."

పువ్వు పట్టుకున్న అప్ప చెయ్యి ఆగిపోయింది. దసరా తరవాత ఆ ఇంట్లో ఆ మాట వినపడలేదు. నేను ఆటోవాడికి కాసేపు ఆగమని చెబుదామని లేచాను. "అప్పా, నైవేద్యం పెట్టేసెయ్, నేను ఆటో ఆపుతాను" అన్నాను.

"అమ్మోరు ఆగుతాది" అంది అప్ప. "ఈ ఆకలి ఆగుతాదో నేదో."

పీట దగ్గరనుంచి లేచి వచ్చి, అమ్మవారి కోసం వండిన గిన్నె మూత తీసి, ఆయనకి కంచంలో వడ్డించింది. బావ కింద కూర్చోబోతే కూర్చోనివ్వకుండా కుర్చీ లాగింది. ఆయన వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. బయట ఆటోవాడు హారను మీద హారను కొడుతున్నాడు. తింటున్నంతసేపూ అప్ప పక్కనే గరిట పట్టుకుని నిలబడింది, తడిచీర అంచులోంచి నీళ్ళు గచ్చు మీద బొట్లుబొట్లుగా పడుతుంటే.

మమ్మల్ని పంపేశాక పొయ్యి కడిగి, మళ్ళీ తలస్నానం చేసి, బియ్యం కడిగి, అంతా మొదటినుంచి వండిందట. మేం టెక్కలి నుంచి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. అప్ప అప్పుడే కథ పూర్తిచేసి హారతి ఇస్తోంది.